చార్లెస్ మెర్జ్: చెడిన తీగను మాత్రమే విడదీసిన ఇంజనీరు

ఇంట్లో దీపము ఆరిపోయినప్పుడు మనలో చాలామంది మొదట చేసే పని కిటికీలోనుండి పక్క యింటి వైపు చూడటము. అక్కడ వెలుగు ఉంటే మన ఫ్యూజు పోయిందనుకుంటాము. అక్కడా చీకటే అయితే లైను పోయిందనుకుంటాము. ఊరంతా చీకటైతే అది సబ్‌స్టేషను సంగతి. ఒకచోట పుట్టిన చెడుపు ఎంతమేర చీకటి చేయాలి అన్న ప్రశ్న ఆ చూపులోనే ఉన్నది. ఆ ప్రశ్నకు జవాబు కనిపెట్టినవారిలో మొదటి వరుసలో నిలిచే పేరు చార్లెస్ హెస్టర్‌మన్ మెర్జ్. పాలిటెక్నిక్‌లోనో ఇంజనీరింగు కళాశాలలోనో విద్యుత్తు చదివిన మన సంఘపు పిల్లలను అడగండి, మెర్జ్-ప్రైస్ రక్షణ పద్ధతి అన్న పాఠము వారికి గుర్తుంటుంది. ఆ మెర్జ్ ఎవరో, ఎక్కడివారో, ఎలా మరణించారో మాత్రము పాఠములో ఉండదు. శతవార్షిక సంచికలో బోధకుల చరిత్రలు, మిషనరీల చరిత్రలు ఎలాగూ ఉంటాయి. వాటి నడుమ ఒక ఇంజనీరు జీవితమునకు కొన్ని పుటలు ఇచ్చినా తప్పు లేదనే తలంపుతో ఇది వ్రాస్తున్నాను.

మెర్జ్ 1874 అక్టోబరు 5న ఇంగ్లండు ఈశాన్య భాగములో, టైన్ నది ఒడ్డున ఉన్న గేట్స్‌హెడ్ పట్టణములో జన్మించారు. నదికి ఆవలి ఒడ్డు న్యూకాసిల్. తండ్రి జాన్ థియొడోర్ మెర్జ్ జర్మను వంశీయుడు. రసాయన పరిశ్రమలో పనిచేస్తూనే, పందొమ్మిదవ శతాబ్దపు యూరోపు ఆలోచనల చరిత్రను నాలుగు పెద్ద సంపుటములుగా వ్రాసిన పండితుడు. 1889లో న్యూకాసిల్ ఎలక్ట్రిక్ సప్లై కంపెనీని స్థాపించినవారు కూడా ఆయనే. తల్లి ఆలిస్ మేరీ రిచర్డ్‌సన్ క్వేకరు కుటుంబపు స్త్రీ. ఆమె సోదరుడు జాన్ విగమ్ రిచర్డ్‌సన్ టైన్ ఒడ్డున ఓడలు కట్టే కార్ఖానా యజమాని.

క్వేకర్లను గురించి మన సంఘస్థులకు ఒక మాట చెప్పాలి. వారికి స్నేహితుల సంఘమని మరొక పేరు. ఇంగ్లండులోని వారి ఆరాధనలో నియమిత బోధకుడు ఉండడు. అందరు మౌనముగా కూర్చుంటారు, ప్రేరణ కలిగినవారు లేచి మాట్లాడుతారు. రాజ్యపు సంఘములో చేరనందున చాలాకాలము వారికి ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి తలుపులు తెరుచుకోలేదు. అందుచేత వారు వ్యాపారములోను, కార్ఖానాలలోను, విజ్ఞానశాస్త్రములోను ప్రవేశించి ఆ రంగములలో మంచి పేరు తెచ్చుకున్నారు. మెర్జ్ చదివినది వారి పాఠశాలలోనే, యార్క్ నగరములోని బూథమ్ స్కూలులో. ప్రకృతి పరిశీలనకు, ఖగోళ పరిశీలనకు పెద్ద పీట వేసిన బడి అది. పెద్దవాడైన తరువాత మెర్జ్‌ను భక్తుడుగా చిత్రించటము నా ఉద్దేశము కాదు. ఆయన చేసిన పని చెప్పుకుంటే చాలు.

ఆయన పెరిగిన ఊరి వాతావరణము కూడా తెలియాలి. బొగ్గుగనులు, ఓడల కార్ఖానాలు, ఇనుప కొలుములు, అన్నీ టైన్ నది వెంబడే. విద్యుద్దీపమును తయారుచేసి చూపిన జోసఫ్ స్వాన్ న్యూకాసిల్ వాసి. ఆవిరి టర్బైను కనిపెట్టిన చార్లెస్ పార్సన్స్ తన కార్ఖానా పెట్టుకున్నది ఆ ఊరిలోనే. ఇలాంటి ఊరిలో, విద్యుత్ కంపెనీ స్థాపించిన తండ్రికి పుట్టిన కుర్రవాడు ఏ చదువు చదువుతాడు? న్యూకాసిల్‌లోని సైన్సు కళాశాలలో కొంత చదువు సాగిన తరువాత తండ్రిగారి కంపెనీకి చెందిన పాండన్ డీన్ పవర్‌హౌసులో పని నేర్చుకున్నారు. తరువాత బ్రిటిష్ థామ్సన్-హూస్టన్ కంపెనీలో చేరి క్రాయ్‌డన్‌లో కొంతకాలము పనిచేశారు. 1898లో ఐర్లండులోని కార్క్ నగరమునకు వెళ్లారు. అక్కడ ఒకే కంపెనీ ట్రాములు నడిపేది, దీపములకు కరెంటు ఇచ్చేది. ఆ కంపెనీ కార్యదర్శి, ముఖ్య ఇంజనీరు రెండూ ఆయనే. అప్పటికి ఆయన వయస్సు 24 ఏళ్లు. స్కాట్లండువాసి విలియం మెక్‌లెలన్‌తో పరిచయము కలిగినది కూడా కార్క్‌లోనే. ఈ స్నేహము 1934లో మెక్‌లెలన్ మరణము వరకు సాగింది. మెర్జ్ అండ్ మెక్‌లెలన్ అన్న సంస్థ పేరు దాని ఫలితమే.

1899లో మెర్జ్ న్యూకాసిల్‌కు తిరిగివచ్చి సలహా ఇంజనీరుగా స్వంతముగా పని మొదలుపెట్టారు. మూడేళ్లకు మెక్‌లెలన్ వచ్చి చేరారు. మొదటి పెద్ద పని వాల్‌సెండ్‌లో నెప్ట్యూన్ బ్యాంక్ అన్న పవర్‌హౌసు. దానిని 1901 జూన్ 18న లార్డ్ కెల్విన్ ప్రారంభించారు. అప్పట్లో బ్రిటనులోని పవర్‌హౌసులు చాలావరకు ఆ ఊరి దీపముల కొరకు కట్టినవి, చిన్నవి. డి.సి. కరెంటు మైలు రెండు మైళ్లు దాటితే తీగలలోనే హరించిపోయేది. నెప్ట్యూన్ బ్యాంక్‌లో మెర్జ్ మూడు ఫేజుల ఎ.సి. కరెంటును 5,500 వోల్టుల వద్ద తయారుచేయించి, ఓడల కార్ఖానాలలోని మోటార్లకు పంపారు. పరిశ్రమలకు ఈ విధముగా మూడు ఫేజుల కరెంటు అమ్మిన పవర్‌హౌసులలో బ్రిటనులో ఇదే మొదటిది.

తండ్రి కంపెనీ, మేనమామ కార్ఖానా, ఈ అండ లేకపోతే 27 ఏళ్లయినా నిండని యువకునికి అంత పని దొరికేదా అని ఎవరైనా అడగవచ్చు. దొరికేది కాదనే నా అభిప్రాయము. కాని అండ ఉన్నవారందరు దానితో ఏమి చేశారని కూడా అడగాలి. మెర్జ్‌కు కరెంటు తయారుచేయటము ఒక్కటే కాక, దానిని ఎవరు ఏ వేళకు వాడుకుంటారన్న లెక్క కూడా బాగా పట్టుబడింది. దీపములకు మాత్రమే కరెంటు ఇచ్చే పవర్‌హౌసు సాయంకాలము నాలుగు గంటలు పనిచేసి మిగిలిన కాలము ఊరకే ఉంటుంది. పెట్టుబడి మీద వడ్డీ మాత్రము 24 గంటలూ నడుస్తుంది. అదే పవర్‌హౌసు పగలు ఓడల కార్ఖానాకు, ఉదయము సాయంత్రము రైళ్లకు, రాత్రి రసాయన కర్మాగారమునకు కరెంటు ఇస్తే యంత్రము ఊరక ఉండదు, యూనిట్ ధర దిగుతుంది. ఇందుకు ఒక ఊరు చాలదు, ఒక మండలము కావాలి. పవర్‌హౌసులు పెద్దవి కావాలి, వాటిని ఒకదానితో ఒకటి కలపాలి.

1904లో కార్విల్ పవర్‌హౌసు పనిచేయసాగింది. అందులో పార్సన్స్ టర్బైన్లు పెట్టారు. ఆ కాలమునకు అవి చాలా పెద్ద యంత్రములు, బొగ్గు పొదుపులో మేలైనవి. అదే సంవత్సరము మార్చి 29న టైన్ ఉత్తరపు ఒడ్డున నార్త్ ఈస్టర్న్ రైల్వేవారి సబర్బన్ బండ్లు కరెంటుతో నడవసాగాయి. ఊరిలోకి విద్యుత్ ట్రాములు వచ్చి రైల్వే ప్రయాణికులను లాక్కున్న కాలమది. బండ్లకు కరెంటు పెట్టిన తరువాత పోయిన ప్రయాణికులలో చాలామంది తిరిగివచ్చారు. ఇంకొక తెలివైన పని కూడా జరిగింది. కోక్ బట్టీలు, ఇనుప కొలుములు ఆకాశములోకి వృథాగా వదిలే వేడిని, వాయువును పట్టి, వాటి పక్కనే చిన్న పవర్‌హౌసులు కట్టి, ఆ కరెంటును కూడా అదే తీగలలో కలిపారు. టైన్ నుండి టీస్ నది వరకు సాగిన ఈ అల్లిక మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందే యూరోపులో అతి పెద్ద ఉమ్మడి విద్యుత్ వ్యవస్థ అయింది.

అయితే కలపటములో ఒక గొప్ప ప్రమాదము ఉన్నది. మెర్జ్ పేరు పాఠ్యపుస్తకములకు ఎక్కటానికి కారణము అదే గనుక ఇక్కడ కొంచెము ఆగి చెప్పాలి.

ఒక పవర్‌హౌసునుండి ఒక తీగ ఒక కార్ఖానాకు పోతున్నదనుకోండి. భూమిలో కేబులు దెబ్బతిని కరెంటు మట్టిలోకి దిగితే, మామూలుకు పదింతలు, ఇరవయ్యింతలు కరెంటు ఒక్కసారిగా పరుగెత్తుతుంది. మొదట్లో ఫ్యూజు కరిగి ఆ తీగను తెంపేది. కార్ఖానా ఒకటి ఆగేది, అంతే. ఇప్పుడు పది తీగలు, నాలుగు పవర్‌హౌసులు వలవలె కలిసి ఉన్నాయనుకోండి. ఒకచోట కేబులు చెడితే నాలుగు పవర్‌హౌసుల కరెంటు అన్ని దారుల వెంబడి ఆ గండి వైపే పరుగెత్తుతుంది. దారిలో ఉన్న ప్రతి ఫ్యూజుకు, ప్రతి బ్రేకరుకు ఎక్కువ కరెంటే కనిపిస్తుంది. అందులో చెడిన తీగ ఏది, చెడిన తీగకు కరెంటు మోసుకుపోతున్న మంచి తీగ ఏది? కరెంటు ఎక్కువైందా లేదా అని మాత్రమే చూసే పరికరమునకు ఈ తేడా తెలియదు. మంచి తీగలు కూడా తెగుతాయి, మండలమంతా చీకటి అవుతుంది. ఓడల కార్ఖానాలు ఆగుతాయి, రైళ్లు ఆగుతాయి.

దీనికి అప్పటి ఇంజనీర్లు చేసిన ఉపాయము కాలవ్యవధి పెట్టటము. చివర ఉన్న బ్రేకరు వెంటనే తెగాలి, దానికి ముందున్నది కొంచెము ఆగి, పవర్‌హౌసు వద్దది అన్నిటికన్న ఎక్కువ ఆగి తెగాలి. వినటానికి బాగున్నది. కాని పవర్‌హౌసు దగ్గరే చెడుపు వచ్చినప్పుడు కరెంటు అన్నిటికన్న ఎక్కువ, ఆగవలసిన కాలమూ అక్కడే ఎక్కువ. పైగా రెండు వైపుల నుండి కరెంటు వచ్చే తీగకు ఇది పనికిరాదు, ఎందుకంటే అక్కడ చివర ఏది, మొదలు ఏది? అందువలన చాలా ఊళ్లలో ఇంజనీర్లు పవర్‌హౌసులను కలపటము మానివేసి వేటికవే విడిగా నడుపుకున్నారు. విడిగా ఉంటే ఒకని కష్టము మరొకనికి రాదు. ఒకని సహాయము మరొకనికి రాదన్నది కూడా అంతే నిజము.

1904లో మెర్జ్, ఆయన వద్ద పనిచేసే బెర్నార్డ్ ప్రైస్ అన్న యువ ఇంజనీరు కలిసి ఒక పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. మన డెల్టా ప్రాంతముల వారికి కాలువ లెక్కలో చెబితే సులభముగా బోధపడుతుంది. రెండు లాకుల నడుమ పక్క తూములు లేని కాలువ ఒకటి ఉన్నది. పై లాకు వద్ద ఒక లస్కరు, కింది లాకు వద్ద ఒక లస్కరు. పైనుండి ఎన్ని నీళ్లు వదిలారో అన్ని నీళ్లూ కింద దిగితే కాలువ బాగున్నట్టే, అది వరద నీరైనా సరే, ఎండకాలపు చాలు అయినా సరే. పైన వదిలిన నీరు కింద చేరలేదంటే మాత్రము నడుమ ఎక్కడో గండి పడింది. నీరు ఎంత అన్నది కాదు చూడవలసినది, రెండు చోట్ల లెక్క కుదిరిందా అన్నదే.

తీగ విషయములోనూ మెర్జ్, ప్రైస్ చేసినది ఇదే. ప్రతి తీగకు రెండు కొనలలోను ఒక్కొక్క కరెంటు ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు. పెద్ద కరెంటును చిన్న కొలతలో చూపించే పరికరమిది. ఆ రెండింటిని తీగ వెంబడే వేసిన సన్నని పైలట్ తీగలతో కలిపి, ఒకదానికొకటి ఎదురు వచ్చేటట్లు అమర్చారు. లోపలికి పోయిన కరెంటు, బయటికి వచ్చిన కరెంటు సమానముగా ఉన్నంతకాలము రెండు వైపుల ఒత్తిడి సరిసమానమై పైలట్ తీగలలో ఏమీ పారదు, రిలే కదలదు. తీగ నడుమ గండి పడిన క్షణములో సమానత చెడి పైలట్ తీగలో కరెంటు పారుతుంది. రెండు కొనలలోని రిలేలు కదిలి, రెండు బ్రేకర్లను తెరుస్తాయి. చెడిన తీగ ఒక్కటే వల నుండి బయటికి వస్తుంది. దాని పక్క తీగలో ఎంత పెద్ద కరెంటు పరుగెత్తినా, లోపలికి వచ్చినంతా బయటికి పోతున్నది గనుక దాని రిలే కదలదు. ఆగి చూడవలసిన అవసరము కూడా లేదు. జనరేటర్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు కూడా ఇదే సూత్రమును కొద్ది మార్పుతో వాడారు.

ఇది దోషము లేని పద్ధతి అని చెప్పను. రెండు కొనలలోని ట్రాన్స్‌ఫార్మర్లు అచ్చముగా ఒకే విధముగా ఉండాలి. బయట ఎక్కడో పెద్ద షార్ట్ సర్క్యూట్ వచ్చినప్పుడు అవి కొంచెము భిన్నముగా చూపితే రిలే మోసపోయి మంచి తీగను తెంపుతుంది. తరువాతివారు, పోయే కరెంటు పెరిగినకొద్దీ రిలే కదలటానికి కావలసిన తేడా కూడా పెరిగేటట్లు మార్పు చేసి ఈ లోపమును చాలావరకు సవరించారు. తీగ పొడవైనకొద్దీ పైలట్ తీగల ఖర్చు కూడా పెరుగుతుంది. అందుచేత దూరపు లైన్లకు వేరే పద్ధతులు వచ్చాయి. మెర్జ్ సంస్థలోనే ఫిలిప్ హంటర్ అనే ఇంజనీరు పైలట్ తీగ లేకుండా, తీగనే రెండుగా చీల్చి రెండు సగముల కరెంటును పోల్చే పద్ధతిని మెర్జ్‌తో కలిసి రూపొందించారు. ఈ పరికరములను తయారుచేసినది టైన్ దక్షిణపు ఒడ్డున హెబ్బర్న్‌లో అల్ఫోన్స్ రేరోల్ అనే ఫ్రెంచి జాతీయుడు నెలకొల్పిన కార్ఖానా. ఇనుప పెట్టెలలో మూసిన స్విచ్‌గేరుకు ఆ కార్ఖానా ప్రసిద్ధి కెక్కింది. మన దేశపు పాత సబ్‌స్టేషనులలో పనిచేసిన పెద్దలకు రేరోల్ పేరు కొత్త కాదు. నేడు లెక్క చేసేది కంప్యూటరు వంటి రిలే, పైలట్ తీగకు బదులు టవర్ల కొన మీది ఎర్తు తీగలో దాగిన ఆప్టికల్ ఫైబరు. పోల్చేది మాత్రము ఆనాటి లెక్కనే, లోపలికి ఎంత, బయటికి ఎంత అని.

టైన్‌సైడ్‌లో కుదిరిన పని లండనులో కుదరలేదు. 1905లో మెర్జ్ లండను మహానగరమునకంతటికి పెద్ద పవర్‌హౌసుల నుండి చవకగా కరెంటు ఇచ్చే ఒక బిల్లు తరఫున పార్లమెంటు కమిటీల ముందు వాదించారు. ప్రతి పేటకు ఒక మునిసిపాలిటీ, దానికొక పవర్‌హౌసు, లేదంటే ఒక కంపెనీ. ఎవరి హక్కు వారిది. వీరంతా ఎదురు నిలిచారు. పార్లమెంటు కాలము కూడా చాలక బిల్లు పడిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధము రాబోతుండగా లండనులో 60కి పైగా విద్యుత్ సంస్థలు, పది రకముల ఫ్రీక్వెన్సీలు ఉండేవి. ఒక పేటలో కొన్న మోటారు పక్క పేటకు మారితే పనికివచ్చేది కాదు. అదే కాలములో న్యూకాసిల్ చుట్టుపక్కల ఒకే కంపెనీ, ఒకే ఫ్రీక్వెన్సీ, బ్రిటనులో మిక్కిలి చవకైన కరెంటు ధరలలో ఒకటి. విజ్ఞానము కొరత వలన లండను వెనుకబడలేదు. ఎవరి పొయ్యి వారిదే అన్న పట్టుదల వలన వెనుకబడింది. సంఘముల చరిత్ర తెలిసినవారికి ఇది వింతగా తోచదనుకుంటాను.

ఈ నడుమ మెర్జ్ దేశదేశములు తిరిగారు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ సబర్బన్ రైల్వేకు కరెంటు పెట్టటము గురించి 1908లో ఒకసారి, 1912లో మరొకసారి నివేదిక ఇచ్చారు. రెండవ నివేదికలో 1,500 వోల్టుల డి.సి. పద్ధతిని సిఫారసు చేశారు. 1919లో అక్కడ బండ్లు నడవసాగాయి. దక్షిణాఫ్రికాకు ఇచ్చిన నివేదిక ఆ దేశపు 1922 విద్యుత్ చట్టమునకు, ఎస్కామ్ సంస్థకు దారి తీసింది. బెర్నార్డ్ ప్రైస్ అప్పటికే, 1909లో, జోహన్నెస్‌బర్గ్ వెళ్లి అక్కడి బంగారు గనులకు కరెంటు ఇచ్చే కంపెనీలో ముఖ్య ఇంజనీరు అయ్యారు. మన దేశములో 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుండి కుర్లాకు మొదటి కరెంటు రైలు నడిచింది గదా. ఆ జి.ఐ.పి. రైల్వేవారి విద్యుదీకరణకు సలహా ఇంజనీర్లు మెర్జ్ అండ్ మెక్‌లెలన్ సంస్థవారే. అదీ 1,500 వోల్టుల డి.సి. పద్ధతే.

1913లో మెర్జ్‌కు డబ్లిన్ నగరపు కుటుంబమునకు చెందిన స్టెల్లా డి సాటూర్‌తో వివాహమైంది. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు. మరుసటి ఏడే యుద్ధము వచ్చింది. 1918లో ఆయన నౌకాదళ శాఖలో ప్రయోగ, పరిశోధనల డైరెక్టరుగా పనిచేశారు. అంతకన్న ముఖ్యమైన పని లార్డ్ హాల్డేన్ అధ్యక్షత వహించిన బొగ్గు పొదుపు ఉపసంఘములో జరిగింది. ఫిరంగుల కార్ఖానాలకు కరెంటు చాలక ప్రభుత్వము కళ్లు తెరిచిన సమయమది. దేశములో సుమారు 600 చిన్న విద్యుత్ సంస్థలకు బదులు 16 పెద్ద మండలములు చాలునని ఆ ఉపసంఘము 1917లో చెప్పింది. ఈ మాట వెనుక టైన్‌సైడ్ అనుభవము, మెర్జ్ లెక్కలు ఉన్నాయి. 1919లో చట్టము చేశారు గాని దానికి బలవంతపెట్టే అధికారము లేక పెద్ద ఫలితము రాలేదు.

1925లో లార్డ్ వెయిర్ కమిటీ ఈ సంగతిని మళ్లీ పరిశీలించింది. దానికి సాంకేతిక సలహా ఇచ్చినవారిలో మెర్జ్ ఒకరు. కమిటీ చేసిన సిఫారసు తెలివైనది. పవర్‌హౌసులను ఎవరినుండీ లాక్కోనవసరము లేదు, వాటిని కలిపే పెద్ద తీగలను మాత్రము దేశమే వేసి దేశమే నడపాలని చెప్పింది. 1926 చట్టముతో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ బోర్డు ఏర్పడింది. 1,32,000 వోల్టుల గ్రిడ్ లైన్లు పల్లెల మీదుగా, కొండల మీదుగా సుమారు 4,000 మైళ్లు సాగి, 1933 నాటికి పని చాలావరకు ముగిసింది. లండనులో ఓడిపోయిన 1905 సంవత్సరము నుండి చట్టము వచ్చిన 1926 వరకు లెక్కిస్తే 21 ఏళ్లు.

ఇందులో ఒక విచిత్రము ఉన్నది. గ్రిడ్ అంతటికి ఒకే ఫ్రీక్వెన్సీ కావాలి గనుక సెకనుకు 50 అని నిర్ణయించారు. మెర్జ్ స్వయముగా నిర్మించిన ఈశాన్య వ్యవస్థ నడిచేది 40 మీద. దేశమునకు మాదిరిగా నిలిచిన మండలమే తన జనరేటర్లను, వేలాది మోటార్లను మార్చుకోవలసి వచ్చింది. ఇతరులను కలిసి రమ్మని పాతికేళ్లు చెప్పినవారి ఇంటికే ఆ ఖర్చు వచ్చింది.

1931లో ఆయనకు విద్యుత్ ఇంజనీర్ల సంస్థవారి ఫారడే పతకము లభించింది. గ్రిడ్‌ను మొదట ఏడు మండలములుగా విడివిడిగా నడిపేవారు, అవసరమైతేనే కలిపేవారు. 1937 అక్టోబరు 29 రాత్రి కొందరు డ్యూటీ ఇంజనీర్లు చొరవ చేసి అన్ని మండలములను ఒక్కటిగా కలిపి చూశారు. ఏమీ పడిపోలేదు. మరుసటి ఏడు నుండి అది ఒకే జాతీయ గ్రిడ్‌గా పనిచేయసాగింది. ఒక కొనలో చెడిన తీగ మరొక కొనను లాగి పడవేయదన్న ధైర్యము లేకపోతే ఆ స్విచ్ మీద ఎవరూ చెయ్యి వేసేవారు కాదు.

రెండు సంవత్సరములలో రెండవ ప్రపంచ యుద్ధము. 1940 సెప్టెంబరు నుండి జర్మను విమానములు ప్రతి రాత్రి లండను మీద బాంబులు వేస్తూ వచ్చాయి. పవర్‌హౌసులకు దెబ్బలు తగిలాయి. దెబ్బ తిన్నదానికి బదులు దూరపు పవర్‌హౌసులనుండి గ్రిడ్ ద్వారా కరెంటు వచ్చేది. అక్టోబరు 14 రాత్రి లండనులోని కెన్సింగ్‌టన్‌లో మెల్‌బరీ రోడ్డు 14వ నంబరు ఇంటి మీద బాంబు పడింది. అది మెర్జ్ ఇల్లు. ఆయన, ఆయన ఇద్దరు పిల్లలు ఆ రాత్రే మరణించారు. భార్య స్టెల్లా ప్రాణాలతో మిగిలారు. మెర్జ్‌కు 66 ఏళ్లు నిండి పది రోజులు కూడా కాలేదు. తండ్రి వంశము జర్మనీది, తల్లి వంశము యుద్ధము తగదని చెప్పే క్వేకర్లది అన్న సంగతి తలచుకుంటే ఈ మరణమును గురించి ఏమి వ్రాయాలో తోచదు.

1948 ఏప్రిల్ 1న బ్రిటిష్ విద్యుత్ పరిశ్రమ జాతీయమైంది. తండ్రి స్థాపించిన కంపెనీ ఆనాటితో ముగిసింది. బెర్నార్డ్ ప్రైస్ కూడా అదే సంవత్సరము మరణించారు. ఆయన పేరిట భూభౌతిక పరిశోధన సంస్థ ఒకటి జోహన్నెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయములో వెలసింది. మెర్జ్ అండ్ మెక్‌లెలన్ సంస్థ స్థాపకులిద్దరు పోయిన తరువాత కూడా దశాబ్దముల పాటు పవర్‌హౌసులు కట్టించింది. టైన్ ఒడ్డున 1904లో కరెంటు పెట్టిన సబర్బన్ రైలు మార్గముల మీద 1967లో మూడవ పట్టా తీసివేసి డీజిలు బండ్లు నడిపారు. 1980లో వాటిలో చాలా భాగము టైన్ అండ్ వేర్ మెట్రోగా మళ్లీ కరెంటుకు మారింది. ఆ బండ్లు నేడు నడుస్తున్నది 1,500 వోల్టుల డి.సి. మీదనే.